ముప్పై మైళ్ల గిరిలో పదకొండు మంది

తనకల్లు నడిమధ్యన నిలబడి చుట్టూ 48 కిలోమీటర్ల గిరి గీస్తే అందులోకి కదిరి వస్తుంది, ములకలచెరువు వస్తుంది, అమడగూరు, ఓబుళదేవరచెరువు, నంబులపూలకుంట, తంబళ్లపల్లె అన్నీ వస్తాయి. తిమ్మమ్మ మర్రిమాను కూడా ఆ గిరిలోనే ఉంది. ఈ ఊళ్లలో పుట్టి, ఈ ఊళ్ల బళ్లలోనే చదివి, సెనక్కాయ చేల పక్కన బీళ్లలో ఆడుకున్న పదకొండు మంది పిల్లలు పెద్దయి యూరప్ ఖండంలోకెల్లా పెద్ద ఫుట్‌బాల్ కప్పు గెలిచారంటే ఎవరూ నమ్మరు. కానీ సరిగ్గా ఇంతే గిరిలో పుట్టిన జట్టు ఒకటి 1967 మే 25న ఆ కప్పును ఎత్తింది. ఊరు స్కాట్లండ్‌లోని గ్లాస్గో, జట్టు సెల్టిక్. ఆ రోజు మైదానంలోకి దిగిన పదకొండు మందీ తమ క్లబ్బు గ్రౌండుకు 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లే. బాబీ లెన్నాక్స్ అనే ఆటగాడిది సాల్ట్‌కోట్స్ అనే సముద్రపుటొడ్డు ఊరు. అందరిలోకీ దూరంవాడు అతనే. మిగిలిన పది మందీ ఇంకా దగ్గరివాళ్లు.

లిస్బన్ నేషనల్ స్టేడియంలో వాళ్లకు ఎదురుపడింది చిన్నాచితకా జట్టేమీ కాదు. ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్ 1964లోనూ 1965లోనూ వరసగా అదే కప్పు గెలిచి ఉంది. దాని కోచ్ హెలీనియో హెరేరా ఒక్క గోల్ కొట్టించి, ఆపైన ఎదుటివాళ్లను గోల్‌పోస్టు దరిదాపులకు రానివ్వకుండా ఆట ముగించడంలో ఆరితేరినవాడు. ఏడో నిమిషంలోనే ఇంటర్‌కు పెనాల్టీ దొరికింది. సాండ్రో మజ్జోలా గోల్ చేశాడు. ఇక ఆట అయిపోయినట్టేనని చూసేవాళ్లు అనుకుని ఉంటారు. అక్కణ్నుంచి సెల్టిక్ అలలు అలలుగా మీద పడుతూనే ఉంది. 63వ నిమిషంలో స్కోరు సమమైన తీరు గమనించదగ్గది. కుడివైపు డిఫెండర్ జిమ్ క్రెయిగ్ ముందుకు చొచ్చుకుపోయి బంతిని అడ్డంగా అందించాడు. ఎడమవైపు డిఫెండర్ టామీ గెమెల్ పరుగున వచ్చి దూరం నుంచే బలంగా కొట్టాడు. వెనక కాపలా కాయాల్సిన ఇద్దరూ ఒకేసారి ఎదుటివాళ్ల గోల్ ముందున్నారు. పక్కవాడు తన చోటు చూసుకుంటాడన్న నమ్మకం ఉన్న జట్టులోనే ఇలాంటి సాహసం కుదురుతుంది. ఆట ముగియడానికి ఐదారు నిమిషాల ముందు బాబీ మర్డాక్ కొట్టిన బంతిని స్టీవ్ చామర్స్ దారి మళ్లించి గోల్‌లోకి నెట్టాడు. 2-1. బ్రిటన్ దీవుల నుంచి ఏ జట్టూ అంతకుముందు ఆ కప్పు గెలవలేదు.

దీన్ని అదృష్టమని తీసిపారేయొచ్చు. కానీ చరిత్ర అందుకు ఒప్పుకోదు. సెల్టిక్ క్లబ్బు పుట్టిందే 1887లో, వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సోదరుడి చేతుల మీదుగా. కరువుకు తట్టుకోలేక ఐర్లండ్ నుంచి వలస వచ్చి గ్లాస్గో తూర్పు వాడల్లో బతుకుతున్న పేదల పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు కోసం ఫుట్‌బాల్. కప్పు గెలిపించిన మేనేజర్ జాక్ స్టీన్ బొగ్గుగనిలో పనిచేసి వచ్చినవాడు. 1965లో మేనేజర్ కాకముందు, 1957 నుంచి కొన్నేళ్లు అదే క్లబ్బులో కుర్రవాళ్ల జట్టుకు తర్ఫీదు ఇచ్చాడు. లిస్బన్‌లో కెప్టెన్‌గా కప్పు అందుకున్న బిల్లీ మెక్‌నీల్ ఆ కుర్రవాళ్లలో ఒకడు. అంటే ఆ గెలుపు వెనక పదేళ్ల తర్ఫీదు ఉంది, ఆ తర్ఫీదు వెనక ఎనభై ఏళ్ల వాడకట్టు ఆట ఉంది. వాళ్లలోనూ కొనుక్కొచ్చిన ఆటగాళ్లున్నారు, నిజమే. విలీ వాలెస్‌ను 1966 చివర్లో ఎడిన్‌బరో జట్టు హార్ట్స్ నుంచి తెచ్చుకున్నారు. అయినా అతను పుట్టిందీ ఆ గిరిలోనే. ఆ నేలలో ఆటగాళ్లకు కొదవ లేదు కాబట్టే కొనడానికి కూడా దూరం పోనక్కర్లేకపోయింది.  

చరిత్రలో నిలిచే గెలుపు దాన్ని పండించిన నేలదే అవుతుంది. ఏ ఊరి పిల్లలు, ఏ ఊరి గురువు, ఏ ఊరి గ్రౌండు కలిసి జట్టయ్యాయో ఆ ఊరికే కప్పు చెందుతుంది. మిగతావి జెర్సీ మీద ఊరి పేరు అచ్చేసుకున్న గెలుపులు. ఈ మాటకు రుజువు కోసం గ్లాస్గో దాకా వెళ్లక్కర్లేదు. తెలుగు నేల మీద ఇది ఒకసారి జరిగింది, మళ్లీ ఒకసారి జరగకుండా పోయింది. రెండూ హైదరాబాద్‌లోనే.

జరిగిన కథ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆగిపోయి, స్వతంత్రం వచ్చాక 1950లో ఢిల్లీలో మళ్లీ మొదలైంది. హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసి అప్పటికి రెండేళ్లే. ఫైనల్లో మోహన్ బగాన్‌తో తొలి ఆట 2-2తో సమమైంది. తిరిగి ఆడిన ఆటలో పోలీసులు 1-0తో గెలిచారు. ఆ తర్వాత 1954, 1957ల్లోనూ అదే కప్పు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లూ ఇంకో జట్టుకు దక్కనివ్వలేదు. అప్పట్లో కలకత్తా అంటే దేశానికి ఫుట్‌బాల్ రాజధాని. అక్కడి క్లబ్బులకు అభిమానులున్నారు, డబ్బుంది, పత్రికలున్నాయి. వాళ్లను ఇంటికి పంపింది నెల జీతం మీద బతికే పోలీసు జట్టు. యూరప్‌కు లిస్బన్ ఎలాంటిదో మనకు ఆ పదేళ్లు అలాంటివి. కాని ఆ సంగతి మన బడి పుస్తకాల్లో కనబడదు.

ఆ జట్టు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా పోలీస్ జట్టు ఆయన చేతిలోనే ఉంది, భారత జట్టు కూడా చాలామటుకు ఆయన చేతిలోనే ఉంది. ఆయన పంతులుతనం ఆయన పెట్టిన పోటీల్లో కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీ పెట్టేవాడు. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ చప్పట్లు కొట్టించుకునే కుర్రవాడికి అందులో చోటు లేదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తడబడతాడు, తడబడుతూనే నేర్చుకుంటాడు. ఖర్చేమీ లేదు, కావలసింది ఒక బంతి, ఒక నియమం, దాన్ని పట్టుబట్టి అమలు చేసే మాస్టారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 1-10తో చిత్తయింది. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో అదే మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్లలో సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ లాంటి మనవాళ్లున్నారు. నగరపు వీధుల్లో పెరిగిన ఆట దేశానికి పతకమైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినాలి. పోలీస్ జట్టు జనం కట్టుకున్న క్లబ్బు కాదు కదా, సర్కారు శాఖ కదా, దాన్ని సెల్టిక్‌తో పోల్చడమేంటి? సరైన ప్రశ్నే. కానీ దీని జవాబులోనే అసలు కిటుకు ఉంది. పేదింటి కుర్రవాడు ఇరవై ఏళ్లొచ్చాక కూడా ఆడాలంటే ఇంట్లో పొయ్యి వెలగాలి. గ్లాస్గోలో ఆ భరోసా క్లబ్బు జీతం ఇచ్చింది, హైదరాబాద్‌లో పోలీసు కొలువు ఇచ్చింది. ఆటతో ఉద్యోగం వస్తుందని తెలిసిన వాడలో తల్లిదండ్రులు పిల్లల్ని గ్రౌండుకు పంపడానికి వెనకాడలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు కుంగిందంటే చాలామంది కలకత్తా డబ్బును చూపిస్తారు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు, తర్వాత మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వెళ్లారు. అయితే బలరాం వెళ్లాక కూడా 1957-58లో రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ గెలిచింది, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ నయీముద్దీనే. పోయినవాళ్ల చోటు నిండుతున్నంత కాలం వలస నష్టమేమీ చేయలేదు. వాడల్లో ఖాళీ స్థలాలు భవనాలయ్యాక, ఆటతో కొలువు దొరుకుతుందన్న నమ్మకం సన్నగిల్లాక, రహీం లాంటి పంతులు చోటు ఖాళీగా మిగిలాక కొత్తవాళ్లు రావడం ఆగింది. అప్పుడు కుంగింది.

ఇక జరగకుండా పోయిన కథ. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. కేరళ బ్లాస్టర్స్ తరఫున రాహుల్ కె.పి. 68వ నిమిషంలో గోల్ కొట్టాడు. ఇంకో రెండు నిమిషాల్లో మ్యాచ్ ముగుస్తుందనగా సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌ది. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మూడో సీజన్‌కే విజేత కావడం మామూలు విషయం కాదు. బార్సిలోనాలో పుట్టిన కోచ్ మనోలో మార్కెజ్ కుర్రవాళ్లను నమ్మి ఆడించాడు, నైజీరియా ఆటగాడు ఒగ్బెచే ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా 18 గోల్స్ కొట్టాడు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయకూడదు. అయితే కోవిడ్ కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విజేత అయింది. ఫైనల్లో గోల్ కొట్టినవాడూ, పెనాల్టీలు ఆపినవాడూ గోవావాళ్లే. మరుసటి ఏడు గచ్చిబౌలిలో ఆడి లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆపైన జీతాల గొడవలు, ఆటగాళ్ల వలస, 2023-24లో ఆఖరి స్థానం. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన మూడున్నరేళ్లకు ఆ ఊళ్లో ఆ క్లబ్బే లేదు. 1950 నాటి పోలీస్ జట్టును ఢిల్లీకి తరలించడం ఎవరి వల్లా అయ్యేది కాదు, ఎందుకంటే ఆ జట్టు ఆ వాడలే.

కాలం మారింది, ఇప్పుడు డబ్బే గెలిపిస్తుంది అనేవాళ్లకు గట్టి సాక్ష్యాలే ఉన్నాయి. 1995 మే నెలలో వియన్నాలో ఆమ్‌స్టర్‌డామ్ జట్టు అయాక్స్ తన బడిలో పెంచిన కుర్రవాళ్లతో ఏసీ మిలాన్‌ను 1-0తో ఓడించి యూరప్ కప్పు గెలిచింది. గోల్ కొట్టిన పాట్రిక్ క్లైవర్ట్‌కు 18 ఏళ్లు. ఆ డిసెంబర్‌లోనే బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఒప్పందం ముగిసిన ఆటగాడు ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లొచ్చు. ఆటగాళ్లకు అది న్యాయం. అయాక్స్ జట్టు మాత్రం కొన్నేళ్లలోనే చెల్లాచెదురైంది. ఖతార్ డబ్బుతో 2011 నుంచి నడుస్తున్న పారిస్ క్లబ్బు 2025 మే 31న మ్యూనిక్‌లో ఇదే ఇంటర్ మిలాన్‌ను 5-0తో చిత్తు చేసింది. ఆ కప్పు ఫైనళ్లలో అంత తేడా ఎన్నడూ లేదు. డబ్బు లేకుండా అది జరిగేదా? జరిగేది కాదు. కానీ అదే క్లబ్బు నెయ్‌మార్‌కు 22 కోట్ల యూరోలకు పైగా పోసి, మెస్సీని తెచ్చి, ఎంబాపేను నిలబెట్టుకుని కూడా ఆ కప్పు గెలవలేకపోయింది. ముగ్గురూ వెళ్లిపోయాక గెలిచింది. ఆఖరి గోల్ కొట్టిన 19 ఏళ్ల సెనీ మయూలు ఆ క్లబ్బు సొంత బడి కుర్రవాడు. పారిస్ శివార్లు ప్రపంచంలోనే ఎక్కువమంది ఆటగాళ్లను ఇచ్చే నేలల్లో ఒకటి. డబ్బు అక్కడికి వచ్చాక కూడా నేల పనిచేస్తూనే ఉంది. మనకైతే ఆ డబ్బు దారి లేనే లేదు. లేని దారి గురించి వాదించుకుంటూ ఉన్న దారిని వదులుకోవడం తెలివైన పని కాదు.

ముందు ఒక గెలుపు రానివ్వండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు, 1983లో కపిల్ దేవ్ కప్పు తెచ్చాక క్రికెట్ పెరగలేదా అని ఇంకో వాదన. పెరిగింది. కానీ 1983 నాటికి ఈ దేశంలో బ్యాటు పట్టని వీధి లేదు, కామెంటరీ వినని టీ కొట్టు లేదు. గెలుపు అప్పటికే ఉన్న ఆటకు ఊపు ఇచ్చింది. 2022 గెలుపు మాత్రం తెలుగు జిల్లాల్లో అలాంటి ఊపు ఇవ్వలేదు. ఇవ్వడానికి కింద గ్రౌండ్లు లేవు.

మరి తనకల్లు లాంటి, వానలే సరిగా పడని నేలలో ఫుట్‌బాల్ ఏమిటని అడగొచ్చు. అనంతపురం ప్రాంతపు సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, గ్లాస్గోలో దానికి దాదాపు రెట్టింపు. అక్కడి పచ్చిక ఇక్కడ పెరగదు. అయితే పచ్చిక ఉంటేనే ఆట అనుకోవడం టీవీ నేర్పిన అపోహ. పెద్దల గ్రౌండు 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే ఎకరా ముప్పావు. చిన్నపిల్లల ఆటకు అందులో సగం కూడా అక్కర్లేదు. ఎర్రమట్టి నేలను చదును చేసి రాళ్లేరితే చాలు. ఈ నేల మీద ఇది కుదురుతుందనడానికి అనంతపురంలోనే ఆనవాలు ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టాడు. బావులు, ఇళ్లు, బళ్లు, ఆస్పత్రుల తర్వాత ఆ సంస్థ ఆటలకూ చోటిచ్చింది. అనంతపురం స్పోర్ట్స్ అకాడమీలో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలూ మగపిల్లలూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు, స్పెయిన్ లా లీగా సంస్థ అక్కడి తర్ఫీదుకు చేయి కలిపింది. ఆకలి తీర్చడానికి వచ్చినవాళ్లు ఆట దాకా రావడం గ్లాస్గోలో వాల్‌ఫ్రిడ్ నడిచిన దారే. ఇక తండా పిల్లల సంగతి. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడింది, 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. యూరప్ క్లబ్బు చొక్కా తొడిగిన తెలుగు నేల అమ్మాయి ఆమె. కదిరి, తనకల్లు చుట్టుపక్కల తండాలకు లోటు లేదు. అక్కడి పిల్లల కాళ్లలో బలానికీ లోటు లేదు. కదిరి పరిశోధన కేంద్రం ఈ నేలకు తగ్గట్టు తయారుచేసిన కదిరి-6 వేరుసెనగ రకం ఎన్నో రాష్ట్రాల చేలకు పాకినట్టే, ఈ నేలలో తీర్చిన ఆటగాడు కూడా ఎక్కడైనా నిలబడగలడు.

అయితే ఒక్క అకాడమీ మీద భారం వేసి కూర్చోవడం న్యాయం కాదు. అకాడమీ ఏరుకోవడానికి పల్లెల్లో ముందు ఆడేవాళ్లుండాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని చెబుతోంది. వంద మందికి మించి పిల్లలున్న ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడికి వ్యాయామ విద్య నేర్పే మనిషి కూడా ఉండాలంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. రహీం రోజుల్లో హైదరాబాద్‌కు ఉన్న గ్రౌండు, పంతులు, కొలువు మూడింటికీ మనకిప్పుడు కాగితం మీద ఆధారం ఉంది. కొరవడిందల్లా ఈ మూడింటినీ ఒక మండలంలో ఒక్కచోట కలపడం. కలపడం కోట్ల పని కాదు. కదిరి డివిజన్‌లో మండలానికి ఒక బాలుర జట్టు, ఒక బాలికల జట్టు కట్టి, వేరుసెనగ పనులు లేని నెలల్లో వారం వారం ఆడిస్తే చాలు. బెంగళూరుకు వలస పోయిన తల్లిదండ్రులు అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్లిన పిల్లలకు సాయంత్రం పూట బడి దగ్గరే ఉండడానికి ఒక కారణం దొరుకుతుంది. అది కప్పు రాకపోయినా దక్కే లాభం.

కాబట్టి తనకల్లు ఉన్నత పాఠశాల నుంచి కదిరి పట్టణం దాకా బడి కమిటీల్లో కూర్చునే అమ్మలకూ నాన్నలకూ, సర్పంచులకూ, వ్యాయామ ఉపాధ్యాయులకూ ఒకే విన్నపం. బడి స్థలంలో కొత్త గది కట్టాలన్నా, గోడౌను కట్టాలన్నా, రోడ్డు తీయాలన్నా ఆ ఎకరా ముప్పావును మాత్రం ముట్టనివ్వకండి. దాన్ని ఈ ఎండాకాలంలోనే చదును చేయించండి, ఆడపిల్లలకు కూడా సాయంత్రాలు కేటాయించండి, రెండు బంతులు కొనివ్వండి.